ఎదుటి కుర్చీ

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే గది వరండా చివర ఉంటుంది. దాని పక్కది విరిగిన బల్లలు పడేసే గది. కొత్తగా చేరిన పిల్లలు ముందు ఆ గదిలోకి వెళ్లి, ఆ తర్వాత ఇటొస్తారు.

లోపల నల్లబల్ల ముందు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉంటాయి. ఒకటి చేతులున్నది, రెండోది చేతుల్లేనిది. మాస్టారు చేతుల కుర్చీలో కూర్చుని ఒక మాట అంటారు. లేచి అవతలి కుర్చీలోకి మారి ఆ మాటని తనే కాదంటారు. మళ్లీ లేస్తారు. సాలు చివర ఎద్దు తిరిగినట్టు తిరుగుతారు. "నా పన్ను నొప్పి మీకెలా తెలుస్తుందయ్యా? మీకున్నది మీ పన్నే కదా!" అని ఇటు నుంచి అంటారు. "తెలీకపోతే నీ బుగ్గ చూడగానే నా చెయ్యి నా బుగ్గ మీదికి ఎందుకు పోయింది?" అని అటు నుంచి అంటారు. బెల్లు కొట్టేసరికి ఎవరు గెలిచారో పిల్లలకి తెలీదు. ఇద్దరు పెద్దమనుషులు కళ్లముందే పోట్లాడుకుని, చివరికి భుజాల మీద చేతులేసుకుని వెళ్లిపోయినట్టు మాత్రం ఉంటుంది.

ఆయన్ని కుర్చీల మాస్టారు అంటారు. మొదట్లో చాటున అనేవాళ్లు. ఇప్పుడు మొహాన్నే అంటున్నారు.

నాటకాలు కూడా ఆ కుర్చీల్లోంచే పుట్టుకొచ్చాయి. ఒక ఏడు కాలేజీ వార్షికోత్సవంలో వేషం కట్టాల్సినవాడికి గొంతు పోయింది. జనం కూర్చుని ఈలలేస్తున్నారు. మాస్టారు కుర్చీలు రెండూ మోయించుకొచ్చి, చావంటే భయపడేవాణ్ణీ, భయమేముందనేవాణ్ణీ ఇద్దర్నీ తనే ఆడేశారు. ఈలలు ఆగిపోయాయి. అప్పట్నుంచీ రాయడం, ఆడటం, పాఠం చెప్పడం మూడూ ఒకే పనైపోయాయి ఆయనకి. పొద్దున్న క్లాసులో అన్నది సాయంత్రం స్టేజీ ఎక్కేది. ఇంట్లో విన్నది మర్నాడు క్లాసుకి వెళ్లేది.

"ఈసారి ఏడిపిస్తారా, నవ్విస్తారా మాస్టారూ? ముందే చెబితే రుమాలు తెచ్చుకుంటాను" అనేవారు శాఖాధిపతి. నాటకాల వాళ్లేమో, "పంతులుగారూ, ఆ వాక్యానికి ఊపిరి చాలట్లేదు, సగానికి కొయ్యండి" అనేవాళ్లు. ఇక్కడ వేషగాడు, అక్కడ పంతులు. రెండు మాటలకీ ఆయన లోలోపల మురిసిపోయేవారు.

ఇంట్లో కూడా అలాంటివే రెండు కుర్చీలున్నాయి, వాటికో నియమముంది. ఎవరికి ఎవరితో తగువొచ్చినా, ముందు ఎదుటి మనిషి కుర్చీలో కూర్చోవాలి. ఆ మనిషై, ఆ మనిషి పక్షం చెప్పాలి. అవతలివాళ్లు విని విని "అదే" అనాలి. ఆ మాట పడ్డాకే తన పక్షం చెప్పుకునే హక్కొస్తుంది. ఈ నియమం వల్ల ఆ ఇంట్లో తగువులు తక్కువ. ఎందుకంటే మందుల కొట్టు నడిపే భార్యకి తీరిక లేదు. "నాకు షాపు తెరిచే టైమైంది. నా కుర్చీలోనూ మీరే కూర్చుని మీరే ఒప్పేసుకోండి" అని తాళాలు తీసుకుని పోయేది.

కూతురు అమ్మలు మాత్రం ఆ కుర్చీల్లోనే పెరిగింది. కాళ్లు నేలకి అందని వయసులోనే ఒక సాయంత్రం ఆయన కుర్చీ ఎక్కి, "నేను నాన్నని. నాకు నిద్రొస్తోంది. అందుకని అమ్మలుని కూడా పడుకోమంటున్నాను" అంది. మాస్టారు నోరు తెరిచి, మూసి, "అదే" అన్నారు. ఆ రోజు అమ్మలు తన ఇష్టమొచ్చినంతసేపు ఆడుకుంది. మర్నాడు ఆ మాట క్లాసులో చెబితే గది గొల్లుమంది.

పెద్దయ్యాక అమ్మలు తండ్రి చదువే చదివింది. సగంలో మానేసి, కళ్లు పరీక్ష చెయ్యడం నేర్చుకుని, బజారులో కళ్లజోళ్ల కొట్లో చేరింది. మాస్టారు వద్దనలేదు. వద్దనకపోవడాన్ని ఏళ్ల తరబడి మోశారు. చివరికి ఒక రోజు భోజనాల దగ్గర నోరు జారారు.

"అంత బుర్ర పెట్టుకుని అద్దాలు తుడుస్తున్నావు కదమ్మలూ."

అమ్మలు చెయ్యి కడుక్కుని వచ్చి, తండ్రి కూర్చునే చేతుల కుర్చీలో కూర్చుంది.

"నేను నాన్నని" అంది. "నాకో కూతురుంది. అది పుట్టగానే ఏడిస్తే, ఏడుపు మాట కన్నా ముందుదా అని పాఠం చెప్పాను. మెట్ల మీంచి పడితే నొప్పి మీద చెప్పాను. దాని నేస్తం పోయి అది అన్నం మానేస్తే, ఆ అన్నం మానడం నాటకంలో పెట్టాను. హాలంతా కళ్లు తుడుచుకుంది. ఇప్పుడది, నాకు ఉదాహరణగా పనికిరాని పని ఒకటి వెతుక్కుని అందులో కూర్చుంది. అది నాకు మింగుడు పడటం లేదు."

అని ఆగింది. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని తండ్రి మొహంలోకి చూసింది.

మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "భేష్! ఎంత బాగా ఆగావు తల్లీ అక్కడ! ఆ ఆగడం నాకు చాతకాదు సుమా!" అంటూ, మర్చిపోతానేమోనని పెన్ను కోసం లోపలికి పరిగెత్తారు.

ఆయన తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

ఆ మాటలు కొత్త నాటకంలో చేరాయి. అడుగుదామని కూడా ఆయనకి తట్టలేదు. ఇంట్లో మాటని అడిగి వాడుకునే అలవాటు ఎప్పుడుందని? మొదటి ప్రదర్శనకి అమ్మలు కొట్లో తనతో పనిచేసే అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్ల మీంచి పడ్డ ముక్క దగ్గర జనం పడీ పడీ నవ్వారు. నేస్తం దగ్గర ముక్కులు చీదారు. "ఇది నువ్వా?" అని పక్కనున్న అమ్మాయి చెవిలో అడిగింది. అమ్మలు లేచి వెళ్లిపోయింది. మాస్టారికి అది కనిపించలేదు. దూరపు చూపు ఎప్పుడో మందగించింది. స్టేజీ మీంచి చూస్తే హాలంటే ఆయనకి నవ్వే ఒక పెద్ద మసక.

తర్వాత అమ్మలు కళ్లజోళ్ల కొట్టు పైనున్న గదిలోకి మారిపోయింది. తండ్రి కాలేజీలో ఉండే వేళ చూసి ఇంటికొచ్చి తల్లిని పలకరించి పోయేది. ఏదైనా చెప్పాలంటే తల్లితోనే.

"ఆ ముక్క తీసేస్తానని చెప్పు" అన్నారు మాస్టారు.

"నాటకం ఆయనిష్టం అంది" అని భార్య జవాబు తెచ్చింది.

"అడక్కుండా పెట్టడం తప్పేనని చెప్పు."

"అడగడం గురించి కాదట."

"మరి దేని గురించట?"

"నన్నడుగుతారేం? తండ్రీ కూతుళ్ల మధ్య నేను పోస్టుడబ్బానా?"

వచ్చే ఆదివారం ఆ నాటకాన్నే పెద్ద థియేటర్లో వెయ్యమని మాస్టారికి కబురొచ్చింది. మరో సమయమైతే నేల మీద నడిచేవారు కాదు. ఇప్పుడు క్లాసులో కూడా పన్ను నొప్పి దగ్గరికొచ్చేసరికి, ఎదుటి కుర్చీలోకి మారడం మరిచిపోయి కూర్చున్న చోటే కూర్చుండిపోతున్నారు. ఆయనకి కావల్సింది ఒక్కటే. ఆ పిల్ల వచ్చి మళ్లీ తన ఎదుట కూర్చోవాలి. తిట్టినా సరే.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో రిహార్సలు పెట్టుకున్నారు. భార్య ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో కాగితాలు పట్టుకుని మాటలందిస్తోంది.

"డాక్టర్ల రాత చదివి మందులిచ్చేదాన్ని నేను. నాకే అంతుపట్టటం లేదు మీ రాత. ఇదేమిటి, 'మింగుడు'?"

"మింగుడు పడటం లేదు. ఆ తర్వాత ఆగాలి."

ఆయన చేతుల కుర్చీలో కూర్చుని, కూతురై ఆ మాటలన్నారు. కుర్చీ చేతులు పట్టుకుని ఆగారు. కుదర్లేదు. మళ్లీ చేశారు. ఈసారి మరీ పొడుగైంది.

"ఎందుకాగింది అక్కడ?" అంది భార్య, చొక్కా కాలరు తిరగేస్తూ.

"ఎఫెక్టు కోసం."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన వంక చూసింది.

ఏ పాత్ర దొరికినా మాస్టారు తనని తాను అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ మనిషికి ఈ క్షణాన ఎదుటివాడి దగ్గర్నుంచి ఏం కావాలి? ఆ ప్రశ్న వేసుకోకుండా ఆయన ఏ వేషమూ కట్టలేదు. కూతురి దగ్గర మాత్రం వేసుకోలేదు. మొదటిసారి వినగానే భేష్ అనేశారు, ఇక వెతకాల్సింది ఏముందనుకున్నారు.

ఇంకోసారి కూర్చున్నారు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీలో తనని తాను ఊహించుకుని చూశారు. ఏం కావాలి ఈ పిల్లకి? ఇంటి నియమం ప్రకారం కూర్చుంది. నియమం ప్రకారం నా పక్షం చెప్పింది. చెప్పి ఆగింది. ఆగి...

ఆయన చేతులు సడలిపోయాయి.

"అదే అంటానని చూసింది" అన్నారు మెల్లగా. "చిన్నప్పట్నుంచీ ఉన్న మాటే కదా. ఆ ఒక్క మాట కోసం చూసింది. నేను చప్పట్లు కొట్టాను."

భార్య కాలరు మీద చెయ్యి పెట్టి రుద్దింది, లేని ముడత కోసం. "కాఫీ పెట్టనా?" అంది.

మర్నాడు మాస్టారు కళ్లజోళ్ల కొట్టుకి వెళ్లారు. లోపల గోడల నిండా అద్దాలు. ఎటు చూసినా ఆయనే, నెత్తి మీద జుట్టు రేగిపోయి. ఓనరు లేచి నమస్కారం పెట్టి, "రండి మాస్టారూ, ఇన్నాళ్లకి మా మీద దయ కలిగింది!" అని పరీక్ష గది చూపించాడు. అమ్మలు తెల్లకోటులో ఉంది.

"కూర్చోండి సార్" అంది.

ఆ 'సార్' ఎక్కడో కలుక్కుమంది. ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. అమ్మలు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఇనప ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టింది.

"చదవండి."

మాస్టారు గొంతు సవరించుకుని, పై వరస నుంచి అడుగు వరస దాకా ఎక్కడా తడుముకోకుండా చదివేశారు.

"సార్, మీరు చదివింది పాత పలక. ఇక్కడున్నది వేరే."

మాస్టారు నాలుక కరుచుకున్నారు. అమ్మలు ఈ పని నేర్చుకునే రోజుల్లో ఇంట్లో గోడకి అక్షరాల పలక తగిలించి, రోజూ తండ్రినే కూర్చోబెట్టి సాధన చేసేది. ఆయన దాన్ని నాటకం మాటల్లా బట్టీ కొట్టేశారు. ఇన్నేళ్లకీ అక్షరం పోలేదు. అమ్మలు పెదవి కొరుక్కుని అటు తిరిగింది. నవ్వొచ్చిందో ఏమో, ఆయనకి తెలియలేదు.

"ఇది బాగుందా, ఇదా?" అద్దం మార్చింది.

"బాగుండటమంటే..."

"సార్. బయట జనం ఉన్నారు."

"రెండోది."

పరీక్ష అయ్యాక ఆయన దిగలేదు. "అమ్మలూ, నీ స్టూలు మీద ఒకసారి కూర్చోనిస్తావా?" అన్నారు.

ఆమె చేతిలో అద్దం తుడుస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి నిలబడింది. మాస్టారు ఎత్తు కుర్చీ దిగి, స్టూలు మీద కూర్చున్నారు. కాస్త కిర్రుమంది.

"నేను అమ్మలుని" అన్నారు. "నా తండ్రి నా కన్నీళ్లని వెలుగులోకి తీసుకెళ్లి..."

"అది డైలాగు" అంది అమ్మలు.

ఆయన మళ్లీ మొదలుపెట్టారు. "నా బాధ ఎవరిది? నాదా, చూసేవాళ్లదా..."

"అది పాఠం."

బయట ఓనరు ఎవరితోనో ఫ్రేము బేరమాడుతున్నాడు. మాస్టారికి ఎప్పుడూ లేనిది చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను అమ్మలుని. మా నాన్నకి ఒక మాట చెప్పాను. చాలా ఏళ్లుగా దాచుకున్న మాట. ఆట ఆడలేదు. ఆయన చప్పట్లు కొట్టాడు."

అమ్మలు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. కోటు జేబులో చెయ్యి పెట్టుకుంది, తీసింది.

"ఇంకా ఉంది" అంది చివరికి. "అదీ నువ్వే చెప్పాలి."

సార్ పోయి నువ్వు వచ్చింది. మాస్టారు కదిలితే ఎక్కడ పోతుందోనని కదలకుండా ఉన్నారు.

"ఆ ముక్క తీసేస్తాను, అమ్మలూ."

"తీస్తే నాటకంలో ఏం మిగులుతుంది? కూతురి మాటలు పెట్టావు. చప్పట్లు కొట్టినాయన్నెందుకు వదిలేశావ్? ఆయన్ని కూడా పెట్టు." తలుపు తీసి పట్టుకుంది. "రేపటికి అద్దాలు బిగించి పెడతాను. తర్వాత ఎవరండీ, రండి!"

ఆదివారం మధ్యాహ్నం థియేటరు ఖాళీగా ఉంది. ఆట సాయంత్రానికి. భార్య స్టేజీ పక్కన వింగులో కుర్చీ వేసుకుని, కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు కొత్త ముక్క చేస్తున్నారు. కూతురై మాటలన్నారు. ఆగారు. లేచి అవతలి కుర్చీ దగ్గర తనై నిలబడి చప్పట్లు కొట్టారు. ఖాళీ హాల్లో ఆ చప్పుడు గోడకి తగిలి ఆయన మీదికే వచ్చింది.

"తర్వాత?" అంది భార్య. "ఇక్కడ కాగితం తెల్లగా ఉంది."

"నాకూ తెలీదు."

ఇంకా ఉంది అంది కదా. ఆయన మళ్లీ చేతుల కుర్చీలోకి వచ్చి, అమ్మలై కూర్చున్నారు. ఎదుట ఒక మనిషి చప్పట్లు కొడుతున్నాడు. పిల్లకి కోపమొస్తోంది. అది తేలిగ్గానే దొరికింది. దాని కింద అవమానం. అదీ దొరికింది. దాని కింద ఇంకేదో ఉంది. పుట్టిన్నాటి నుంచి ఆ చప్పట్లు విని పెరిగిన పిల్ల. కాళ్లు నేలకి అందని రోజున గది గొల్లుమందని విని చెంగుచెంగున గెంతిన పిల్ల...

మాస్టారు గొంతు వేరే వాళ్లదిలా వచ్చింది. స్వరం పైకి లేవలేదు. "ఆ చప్పట్లు నాకు బాగున్నాయి" అన్నారు. "ఒక్క క్షణం పొంగిపోయాను. ఇంత దుఃఖంలోనూ, బాగా చేశాననుకున్నాను. అందుకని నా మీద నాకే అసహ్యమేసింది. నాన్నని క్షమించేదాన్ని. నేనూ నాన్నలాంటిదాన్నేనని తెలిసి, ఇంట్లో ఉండలేకపోయాను."

హాలు వెనక, చీకట్లోంచి ఒక మాట వచ్చింది.

"అదే."

మాస్టారు అటు చూశారు. మసక. ఆ మసకలోంచి చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. అమ్మలు మెట్లెక్కి వచ్చి, సంచీలోంచి కళ్లజోడు తీసి ఆయన మొహాన పెట్టింది. ఒక చెవి దగ్గర వదులుగా ఉంది. తీసి, కాడ కొంచెం వంచి, మళ్లీ పెట్టింది.

ఆయనకి హాలు కనిపించింది. వరసలు, సీటు చిరిగిన ఒక కుర్చీ, గోడ మీద గడియారం. దగ్గరగా కూతురు మొహం కనిపించింది. చాన్నాళ్లుగా సరిగ్గా నిద్రపోని మొహం.

"ఎప్పుడొచ్చావు?"

"చప్పట్లప్పుడు. వెళ్లిపోదామనుకున్నాను."

వింగులోంచి భార్య ముక్కు చీదిన చప్పుడైంది. "దుమ్ము" అంది అడక్కుండానే.

"ఇది నాటకంలో ఉండదు" అన్నారు మాస్టారు. "చప్పట్లతో ఆగిపోతుంది."

"క్లాసులో?"

"క్లాసులోనూ ఉండదు."

"మీ శాఖాధిపతికి చెప్పవూ?"

"ఆయనకా! నా పన్ను నొప్పే చెప్పను."

అమ్మలు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మాస్టారు దాన్ని చూశారు. ఎక్కడికీ పట్టుకెళ్లకుండా, ఊరికే చూశారు.

ఆ సాయంత్రం ఆటలో మాస్టారు కొట్టిన మొదటి చప్పట్లకి జనం నవ్వారు. ఆయన ఆపలేదు. కొడుతూనే ఉన్నారు. నవ్వు తగ్గింది, ఆగింది. ఎవరో దగ్గారు. దీపాలారిపోయాయి. తర్వాత చాలామంది వచ్చి, ఆ పిల్ల ఏమైందండీ, ఆ తర్వాతేం జరిగిందండీ అని అడిగారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. మాటలకి వెతుక్కోవాల్సిన మనిషి కాదు కాబట్టి, అలసిపోయారనుకున్నారు అంతా.

మర్నాడు పొద్దున్నే అమ్మలు ఇంటికొచ్చింది. భార్య తాళాలు తీసుకుని, గుమ్మంలో ఆగింది. "నేను షాపుకి పోతున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ ఇక్కడే ఉంటారా?"

"ఉంటామేమో" అంది అమ్మలు. "ఇప్పుడు నా వంతు. నాన్న పక్షం నేను చెప్పాలి. చాలా పొడుగుంది."

చేతుల కుర్చీలో కూర్చుంది. పాదాలు నేల మీద నిండుగా ఆనాయి. "నేను నాన్నని" అని మొదలుపెట్టింది.

మాస్టారు ఎదుటి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు.